పిల్ల చేపను విడిచిపెట్టే వల కావాలి: ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్‌కు బహిరంగ లేఖ



సముద్రంలో చేపలు పుట్టి పెరిగే వేగాన్ని వాటిని పట్టే వేగం మించిపోతే అది మితిమీరిన వేట. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. చేప ఎదిగి బరువు పుంజుకోకముందే పట్టేయడం ఒకటి. దీనివల్ల మత్స్యకారుడికి రావలసిన బరువూ పోతుంది, ధరా పోతుంది. గుడ్లు పెట్టే తల్లి చేపలు మిగలకుండా పట్టేయడం రెండోది. అప్పుడు రాబోయే ఏళ్లలో పట్టుకోవడానికి చేపే ఉండదు. మొదటిదాన్ని చూసీచూడనట్టు వదిలేసిన చోట రెండోది వచ్చి తీరుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం 1974లో ప్రపంచ సముద్రాల చేపల నిల్వల్లో పదో వంతు మితిమీరిన వేటకు గురై ఉండేవి. అదే సంస్థ 2024 నివేదికలో ఆ వాటా 37.7 శాతానికి చేరింది.

తల్లి చేప ఎంత పెద్దదైతే సముద్రానికి అంత మేలు. దాని గుడ్లు బరువుతో సమంగా కాక, అంతకు మించి పెరుగుతాయి. అట్లాంటిక్ కాడ్ జాతిలో 30 కిలోల ఆడ చేప ఒక్కటే, రెండేసి కిలోల ఆడ చేపలు 28 కలిసి పెట్టే గుడ్ల కంటే ఎక్కువ గుడ్లు పెడుతుందని 2018లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఆ 28 చేపల మొత్తం బరువు 56 కిలోలు. అందుకే పెద్ద చేపలు పోయి చిన్నవి మిగిలిన సముద్రంలో చేపల సంఖ్య బాగానే కనిపించినా సంతానం పడిపోతుంది. వేట ఒత్తిడి ఏళ్ల తరబడి సాగితే మరో మార్పు కూడా వస్తుంది. చిన్న వయసులోనే, చిన్న సైజులోనే గుడ్లు పెట్టేసే చేపలే బతికి ఆ లక్షణాన్ని పిల్లలకు ఇస్తాయి. జాతి మొత్తం కురచబారుతుంది.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరానికి జరిగింది ఇదే. అక్కడ దాదాపు 500 ఏళ్లు కాడ్ చేపే జీవనాధారం. 1950ల తర్వాత యూరప్, సోవియట్ దేశాల నుంచి భారీ ట్రాలర్లు దిగాయి. 1968లో ఒక్క ఏడాదిలోనే పట్టుబడి 8 లక్షల టన్నులు దాటింది. 1977లో కెనడా 200 మైళ్ల హద్దు గీసి విదేశీ ఓడలను పంపేసింది కానీ ఆ ఖాళీని సొంత ట్రాలర్లతో నింపుకుంది. మిగిలిన చేప గుంపులుగా ఒకచోటికి చేరడంతో ట్రాలర్లకు చివరిదాకా వలలు నిండుతూనే వచ్చాయి. ఆ పట్టుబడిని చూసి అధికారులు సముద్రంలో చేప దండిగా ఉందని లెక్క వేశారు. తీరం దగ్గర చిన్న పడవల మీద వేటాడేవాళ్లు చేప తగ్గుతోందని, వచ్చేదీ చిన్నదేనని చెప్పినా ఆ మాట లెక్కలోకి రాలేదు. 1992 జూలైలో వేట పూర్తిగా ఆపేసేనాటికి గుడ్లు పెట్టే కాడ్ పాత స్థాయిలో ఒక శాతానికి పడిపోయింది. దాదాపు 30,000 మంది ఒక్కసారిగా పని కోల్పోయారు. రెండేళ్ల నిషేధమనుకున్నది 2024 దాకా సాగింది. కాడ్ ఆహారమైన కాపెలిన్ చేప కూడా అదే కాలంలో పడిపోయింది. కాడ్ తినే రొయ్యలు, పీతలు మాత్రం పెరిగాయి. ఒక చేప పోతే ఆ చేప ఒక్కటే పోదు.

నమీబియా తీరంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1960ల చివర అక్కడ కవళ్లను లక్షల టన్నుల్లో తోడేశారు. కవళ్లు పోయాక, అవి తినే నీటిలోని సూక్ష్మజీవులను జెల్లీఫిష్‌లు తినసాగాయి. 2006లో వెలువడిన ఒక సర్వే ప్రకారం అక్కడి నీళ్లలో జెల్లీఫిష్‌ల బరువు చేపల బరువు కంటే మూడు రెట్లు ఎక్కువ. అవి చేప గుడ్లనూ పిల్లలనూ తింటాయి కాబట్టి కవళ్లు తిరిగి లేవడం కష్టమైంది. కవళ్ల మీద బతికే పెంగ్విన్లు, సముద్రపు పక్షులు కూడా తరిగిపోయాయి. జమైకాలో నాచును మేసే చిలక చేపల్ని వేటాడేశారు. మేసేందుకు మిగిలిన ముళ్ల కాయల్లాంటి జీవులు 1983లో రోగంతో చనిపోయాయి. అప్పటికే తుఫాను దెబ్బ తిన్న పగడపు దిబ్బల్ని నాచు కప్పేసింది. సగానికి పైగా ఉన్న పగడాలు పదిహేనేళ్లలో 5 శాతం లోపుకు వచ్చాయి.

ఆంధ్ర తీరంలో చట్టం లేదనలేం. 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు నీళ్లు సంప్రదాయ మత్స్యకారులవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆగుతుంది. వేట విరామ భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచారు. ఇవి మంచి పనులే, కానీ ఇవి ప్రధానంగా ఎప్పుడు, ఎక్కడ వేటాడాలన్నదాన్నే పట్టించుకుంటాయి. ఎంత సైజు చేపను పట్టాలన్నదే అసలు ప్రశ్న. నిషేధ కాలంలో పుట్టిన పిల్లలు జూన్ 15 నాటికి ఇంకా చిన్నవే. బోట్లన్నీ ఒకేసారి సన్న కన్ను వలలతో కదిలితే రెండు నెలలు కాపాడినదంతా కొన్ని వారాల్లో ఖర్చయిపోతుంది. మనుషులు తినడానికి పనికిరాని ఆ పిల్ల చేప ఎండిపోయి కోళ్ల దాణాకు, చేప పొడి మిల్లులకు చేరుతుంది. వంజరం, చందువ, కానాగంత వంటివాటి పిల్లలు కిలో లెక్కన కాక కుప్ప లెక్కన అమ్ముడుపోవడం కంటే పెద్ద నష్టం ఈ తీరానికి లేదు.

వల కన్ను సంగతి ఇక్కడే వస్తుంది. ట్రాల్ వల చివరి సంచికి మామూలుగా ఉండేది డైమండ్ ఆకారపు కన్ను. బోటు లాగుతున్నప్పుడు బరువుకు అది సాగి మూసుకుపోతుంది, పిల్ల చేప బయటపడలేదు. చదరపు కన్ను లాగినా తెరుచుకునే ఉంటుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సిఫారసు చేస్తున్నది ఈ వలనే. తాబేలు తప్పించుకునే పరికరమూ ఇదే సంచి ముందు అమరుతుంది. ఒడ్డుకు ఆలివ్ రిడ్లే తాబేళ్ల కళేబరాలు కొట్టుకురావడానికి అది లేకపోవడం కూడా ఒక కారణం.

కేరళ చేపకు కొలత పెట్టింది. 2015లో 14 జాతులకు, 2017లో మరో 44 జాతులకు కనీస సైజు ప్రకటించింది. కవళ్లు 10 సెంటీమీటర్లు, కానాగంత 14 సెంటీమీటర్లు ఉంటే తప్ప పట్టకూడదు. అక్కడ నూనె కవళ్ల పట్టుబడి 2012లో దాదాపు 4 లక్షల టన్నులుండి 2021లో 3,297 టన్నులకు పడిపోయింది. సముద్రపు వాతావరణం మారడం ఇందులో పెద్ద కారణమని శాస్త్రవేత్తలు చెబుతారు. అలాంటి గడ్డు ఏళ్లను దాటాలన్నా తల్లి చేపలు మిగిలి ఉండాలి. ఉత్తర సముద్రంలో హెర్రింగ్ చేప కూలుతుండగా 1977లో వేట ఆపేశారు, 1980ల మొదట్లోనే అది తేరుకుంది. ముందే ఆపడానికీ, అంతా అయ్యాక ఆపడానికీ తేడా న్యూఫౌండ్‌లాండ్‌తో పోల్చితే తెలుస్తుంది.

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో వేలం దగ్గరే చేప కొలతను చూసే ఏర్పాటు శాఖ చేతిలోని పని. ఆ తనిఖీ తెప్ప మీద వెళ్లేవాడి మీద కాక, పిల్ల చేపను టన్నుల్లో కొనే పొడి మిల్లుల గేటు దగ్గర మొదలవ్వాలి. కొనేవాడు లేకపోతే పట్టేవాడూ ఉండడు. ప్రతి రేవులో ఏ చేప ఏ సైజులో దిగిందో నెలనెలా ప్రకటిస్తే, తీరం దగ్గర మత్స్యకారులు చెప్పే మాటను అధికారిక లెక్కతో సరిచూడవచ్చు. చదరపు కన్ను సంచికయ్యే ఖర్చును బోటు యజమాని మీదే వేస్తే ఎవరూ మార్చరు, ప్రభుత్వం భరించాలి. వేట నిషేధం రోజుల్లో బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకునేదీ అప్పుడే. సంచి మార్చే పని ఏప్రిల్ 15న మొదలుపెట్టి, జూన్ 14 లోపు ప్రతి మరబోటుకూ పూర్తి చేయవచ్చు.