మనవాడే కదా, కాగజ్ ఎందుకు?

మొన్న జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మా మొహల్లా కుర్రాడొకడు నన్ను పట్టుకున్నాడు.

"భాయ్, రేకులు తీసేసి స్లాబు వేయిద్దామనుకుంటున్నాం. కాంట్రాక్టరు మనవాడే, ఐదు పూటలా నమాజీ. ఇచ్చేయమంటారా?"

నమాజీ అయినందుకు ముబారక్, కానీ ఆయన వేసిన స్లాబు ఒక్కటైనా వానలో చూశావా అనడిగాను. కుర్రాడి మొహం మాడిపోయింది. మనవాణ్నే శంకిస్తారా అన్నట్టు చూశాడు. ఆ చూపు నాకు కొత్తేం కాదు. ఒకప్పుడు మా అమ్మీ వంక నేనూ అలాగే చూశాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి మీద సిమెంటు రేకులుండేవి. అప్పటికి మా చోడవరం ఇంకా విశాఖ జిల్లాలోనే ఉంది. సులేమాన్ నబీకి కబురు మోసుకొచ్చిన పిట్ట పేరు ఆ తుఫానుకి పెట్టారు. మాకు తెచ్చిన కబురు మాత్రం మంచిది కాదు. ఆ ఆదివారం చీకటిపడే వేళకి మా రేకులు సగం పక్క వీధిలో ఉన్నాయి. అమ్మీ ఖురాన్ షరీఫ్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి గుండెకి హత్తుకుని తెల్లవార్లూ ఓ మూల కూర్చుంది.

రెండేళ్లు కూడబెట్టి, చాలనిదానికి అమ్మీ గాజులు కుదువపెట్టి స్లాబుకి దిగాం. కాంట్రాక్టరు మా ఫుప్పూ వైపు చుట్టం. చాచా అని పిలిచేవాణ్ని. "ఏదైనా రాసుకోండి బేటా" అంది అమ్మీ. "చాచాతో కాగజ్ ఏంటమ్మీ, మన ఇజ్జత్ ఏం కావాలి?" అని కసిరాను. 600 చదరపు అడుగుల స్లాబు, మెటీరియల్‌తో సహా అంతా ఆయన చేతికే. స్లాబు వేసిన రోజు అందరికీ బిర్యానీ పెట్టాం. దువా చేయించాం.

మూడో వానాకాలానికి వంటింటి పైకప్పు మీద తేమ మరక కనిపించింది. తర్వాత పెచ్చులు ఊడాయి. ఆ తర్వాత తుప్పుపట్టిన చువ్వ బయటపడింది. ఒక పొద్దున అమ్మీ రొట్టెలు కాలుస్తుంటే అరచేయంత పెచ్చు వచ్చి తవా పక్కన పడింది. అమ్మీ రెండడుగులు ఇటు ఉండబట్టి సరిపోయింది, అల్‌హమ్‌దులిల్లాహ్. చాచాని అడిగితే సిమెంటుని తిట్టాడు, వానని తిట్టాడు, ఆఖరికి నా అనుమానం బుద్ధిని తిట్టాడు. ఏం మాట్లాడుకున్నామో చూపించడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు.

ఖాళీ సిమెంటు బస్తాలు మా పెరట్లోనే మడిచి పెట్టి ఉన్నాయి. అప్పుడు తీసి లెక్కపెట్టాను. 43. ఇప్పుడు హిసాబ్ చూడండి. 600 అడుగులు, 5 అంగుళాల మందం అంటే 250 ఘనపుటడుగులు, అంటే ఏడు ఘనపు మీటర్లు. ఇంటి స్లాబుకి కనీసం ఎం20 కాంక్రీటు ఉండాలి. అంటే ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. ఆ లెక్కన ఘనపు మీటరుకి దాదాపు ఎనిమిది బస్తాలు పడతాయి. మా స్లాబులోకి 56 దాకా పోవాలి. కొన్ని ఖాళీ బస్తాలు కూలీలు పట్టుకెళ్లి ఉండొచ్చు. పదమూడు పట్టుకెళ్లారంటే నా మనసు ఒప్పుకోదు. ఇది బడిపిల్లాడు చేసే లెక్క. నేను ఎమ్మే చదివాను, చేయలేదు. చాచా కదా!

బస్తాల సంగతి అలా ఉంచండి, చువ్వకి తుప్పు పట్టింది వేరే ఖసూర్ వల్ల. సెంట్రింగ్ చెక్క మీదే చువ్వలు పరిచేశారు. కింద చిన్న చిన్న కవర్ బ్లాకులు పెట్టి చువ్వని కనీసం 20 మిల్లీమీటర్లు ఎత్తితే, ఆ మేరకు కాంక్రీటు దాన్ని కప్పుకుని గాలీ తేమా తగలకుండా కాస్తుంది. ఆ బ్లాకులు కొనడానికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు. వాటితోపాటు ఏడు రోజులైనా నీళ్లు కట్టాల్సిన స్లాబుకి మూడు రోజులు కట్టి మనుషుల్ని ఇంకో పనిలోకి తీసుకుపోయాడు. నేను చూస్తూనే ఉన్నాను. అడగడానికి షర్మ్ అడ్డమొచ్చింది.

అనకాపల్లి బెల్లం కొనేటప్పుడు మనం దిమ్మ రంగు చూస్తాం, కొంచెం చిదిపి నోట్లో వేసుకుంటాం. కొట్టువాడు ఏమీ అనుకోడు. జిందగీలో ఒక్కసారి వేయించే స్లాబు దగ్గర మాత్రం భరోసా అంటాం. నిజానికి అది భరోసా కాదు, మొహమాటం. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ నమాజు గురించి కాదు, రోజా గురించీ కాదు. సూరా బఖరాలో 282వ ఆయత్ అది, కర్జ్ గురించి. గడువుతో ఇచ్చిపుచ్చుకునేది రాసుకోమని, గవాహ్‌లను పెట్టుకోమని, మొత్తం చిన్నదైనా రాయడానికి బద్ధకించవద్దని అందులో ఉంది. పని కాకముందే చేతిలో పెట్టే అడ్వాన్సు అలాంటిది కాక మరేంటి? అక్కడ రాసుకోవడం అవమానం కానప్పుడు ఫుప్పూ చుట్టం దగ్గర ఎలా అవమానమైంది?

అందుకే ఆ కుర్రాడికి చెప్పాను. కాంట్రాక్టరు చూపించిన ఇంటికి కాదు, ఆయన చూపించని ఇంటికి వెళ్లు. నాలుగేళ్ల కిందటి స్లాబు చూడు, వాన పడుతుండగా చూడు. ఓనర్ని కాదు, అద్దెకున్నవాళ్లని అడుగు. వాళ్లకి దాచాల్సిన ఇజ్జత్ ఏమీ ఉండదు. ఏ కంపెనీ ఐరనో, ఎన్ని బస్తాలో, ఎన్ని రోజులు నీళ్లో, ఏ దశలో ఎంత డబ్బో రాయించుకో. 8 ఎంఎం చువ్వ 12 మీటర్లది 4.7 కిలోలు, 10 ఎంఎం అయితే 7.4 కిలోలు తూగాలి. ఒకటి కాటా మీద పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. రేపు వినియోగదారుల కమిషన్ దాకా పోవాల్సొచ్చినా, 2019 చట్టం ఇల్లు కట్టడాన్ని సేవల్లోనే లెక్కిస్తుంది. అక్కడ కూడా ముందు అడిగేది కాగితమే.

మేస్త్రీల షికాయత్ కూడా వినాలి. పని మధ్యలో గోడ మార్పించి, ఆ మజ్దూరీ ఎగ్గొట్టే ఓనర్లు మనలో తక్కువేం లేరు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని అందరం చెబుతాం, ఇచ్చే రోజున "వచ్చే జుమాకి" అంటాం. రాసుకున్న కాగజ్ వాళ్లకీ ఢాలే.

ఈ ఏడు వంటింటి వరకు కొట్టేసి కొత్త స్లాబు వేయించాం. మేస్త్రీ మన ఖౌమ్ వాడు కాదు, గోవాడ షుగర్ ఫ్యాక్టరీ వైపు మనిషి. అద్దెకున్న ఒకావిడ చెబితే దొరికాడు. చదువు రాదు, అందుకని రాసిన కాగితం పట్టుకుని ఇంటర్ చదివే కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ అమ్మాయి పైకి చదువుతూ ఒక లైను దగ్గర ఆగింది.

"ఆఖరి డబ్బు మొదటి పెద్ద వాన తర్వాత అని రాశారు. వాన పడకపోతే మా నాన్న డబ్బులెప్పుడిస్తారండీ?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మీ నవ్వింది. ఆ లైను కొట్టేసి, స్లాబు మీద గట్టు కట్టి మూడు రోజులు నీళ్లు నిలబెట్టి చూడాలి, కారకపోతే నాలుగో రోజే డబ్బివ్వాలి అని రాయించింది. కింద గవాహ్‌లుగా అమ్మీ, ఆ అమ్మాయి సంతకాలు పెట్టారు.