విడిపోయేవాళ్ళు మాట్లాడుకోకూడదా?

2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'మ్యారేజ్ స్టోరీ' హాస్టల్లో చాలామంది చూసే ఉంటారు. అందరికీ గుర్తుండేది అతను గోడను గుద్దే సీన్. నాకు గుర్తుండిపోయింది మాత్రం చివర్లో వచ్చే షూ లేసు. విడాకులైపోయాక, కొడుకుని ఎత్తుకుని వెళ్తున్న అతన్ని ఆపి, ఆమె వంగి ఊడిపోయిన లేసు కట్టి పంపిస్తుంది. మా రూమ్మేట్ వెంటనే "ఇంత ప్రేముంటే ఎందుకు విడిపోయార్రా?" అన్నాడు.

మన ఇళ్ళలో ఇదే ప్రశ్న ఇంకా గట్టిగా వినిపిస్తుంది. మా బంధువుల్లో ఒక అక్కా బావా పరస్పర అంగీకారంతో విడాకులకు వేశారు. రోజూ ఫోన్లో మాట్లాడుకోవడం ఆ తర్వాతే మొదలైంది. హౌసింగ్ లోను, బంగారం, పాప స్కూలు, చివరికి గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉండాలనేదాకా. బావకి జ్వరమొస్తే ఏ మాత్ర పడదో అక్కే గుర్తుచేసింది. అంతే, పెద్దవాళ్ళు "ఇంకేం, కలిసిపోయినట్టే" అని పంచాయితీ పెట్టారు. ఆ రోజు నుంచి అక్క బావ ఫోను ఎత్తడం మానేసింది.

ఆ దగ్గరితనం నటన అని నేననుకోను. ఒకరినొకరు మార్చాలనే పట్టుదల పోయాక, నెగ్గాల్సిన గొడవేమీ మిగలక వచ్చిన చనువు అది. కాపురం చేయడానికి అది చాలదు, అంతే. (కొట్టే మొగుడి సంగతి వేరు. అక్కడ ఉన్నట్టుండి పుట్టుకొచ్చే ప్రేమను అనుమానించాల్సిందే.)

హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ 1976లో చేరింది. ఏడాదైనా విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక ఇంకో ఆరు నెలలు ఆగాలి. 2017లో సుప్రీంకోర్టు ఆ ఆరు నెలల గడువును మినహాయించవచ్చంది. ఎప్పుడు? కలిసే అవకాశం లేదని, భరణం, పిల్లల బాధ్యత లాంటివి నిజంగా తేల్చేసుకున్నారని కోర్టుకి నమ్మకం కుదిరినప్పుడు. అంటే ఇద్దరూ కూర్చుని అన్నీ మాట్లాడుకోవడం కోర్టుకి విడిపోవడానికి సిద్ధమైన గుర్తు. మన చుట్టాలకేమో అదే కలిసిపోయే గుర్తు! నా ఓటు కోర్టుకే.

నిజంగా మనసు మారితే, డిక్రీ వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. ఆ మాట చెప్పడానికి లాయరున్నాడు, పంచాయితీ అక్కర్లేదు. అక్కా బావా ఇప్పుడు పాప ఫీజు సంగతి కూడా లాయర్ల ద్వారానే మాట్లాడుకుంటున్నారు.