బాయినెట్టుకు మైనపు కాగితము, వరిగింజకు వాన

మండపేట చుట్టుపట్ల దాళ్వా కోతలు ముగియు వేళ బాటసారులకు కనబడు దృశ్యమొకటి గలదు. రోడ్డునకు ఒక ప్రక్కగా ధాన్యము ఆరబోసియుండును. రైతు ఆకాశమువంక చూచుచుండును. మబ్బు పట్టినంతనే ఇంటిల్లిపాదియు బరకములకై పరుగెత్తుదురు. గోతములు రాలేదని యొకచోట, తేమ యెక్కువైనదని యొకచోట, లారీ దొరకలేదని మరియొకచోట రాశి నిలిచిపోవును. ఇది దైవికమని సరిపెట్టుకొనువారు మనలో పెక్కుమంది గలరు. మేమట్లు తలపజాలము. వస్తువును తేమనుండి కాపాడు విద్య ప్రభుత్వములకు తెలియనిది కాదు. ఇందుకు నిదర్శనముగా యుద్ధకాలపు బాయినెట్టు కథను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

బాయినెట్టనగా తుపాకి మొనకు తగిలించు కత్తి. 1939 మొదలు 1945 వరకు జరిగిన యుద్ధములో మన దేశమున ఈ కత్తులు ముఖ్యముగా కలకత్తాకు ఉత్తరమున, హుగ్లీ తీరమందలి ఈశాపురము రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనవి. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులో, మన దర్జీలందరెరిగిన సింగరు కుట్టుమిషనుల కంపెనీయే బాయినెట్లు చేసినది.

చేసిన కత్తిని పంపుటలో చూపిన శ్రద్ధ చెప్పుకొనదగినది. ఉక్కునకు శత్రువు తేమ. చేతిచెమటలోని ఉప్పు సయితము దానిని తినివేయును. కావున కత్తిని శుభ్రముగా తుడిచి, గాలి తగులకుండ చిక్కని జిడ్డు పూయుదురు. దానిపై జిడ్డును పీల్చని మైనపు కాగితము చుట్టుదురు. పిమ్మట కొయ్యపెట్టెలో కదలకుండ పేర్చి, మూత బిగించి, లోపలి సరకేదో, ఎన్నియో పెట్టెపై అచ్చువేయుదురు. ఇట్లు కట్టిన పెట్టెలు ఓడలలో ఉప్పుగాలి నోర్చుకొని సముద్రములు దాటినవి. యుద్ధము ముగిసిన దశాబ్దములకు విప్పి చూచినను జిడ్డు క్రింద ఉక్కు తళతళలాడిన సందర్భములు గలవు.

ఆయుధమునకు రక్షణయే గాక లెక్కయు గలదు. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై పడి 11 తుపాకులను, 1390 తూటాలను, 14 బాయినెట్లను గొనిపోయెను. ఏమేమి గొనిపోయినదియు ఆ ఠాణా పుస్తకములోనే వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. మన్యపు కొండనడుమ నున్న ఠాణాలో సయితము ఎన్ని బాయినెట్లున్నవో నేటికిని చెప్పగలుగుచున్నాము.

ఇక అదే హుగ్లీ నదికి ఆవలి గట్టున, దిగువగా, హౌరా ప్రక్కన శివపురపు బొటానికల్ తోట యున్నది. 1943లో వంగదేశము కరవుతో అల్లాడుచుండగా ప్రభుత్వము సేకరించిన ఆహారధాన్యములు ఆ తోటలో ఆరుబయట పడియుండి చెడిపోయినవి. ఒకే నది, ఒకే ప్రభుత్వము, ఒకే వాన. ఒక గట్టున ఉక్కునకు జిడ్డు, కాగితము, పెట్టె. రెండవ గట్టున అన్నమునకు ఆకాశమే కప్పు. చనిపోయినవారి లెక్కయు తేలలేదు. విచారణసంఘము 15 లక్షలన్నది. తరువాతి పరిశోధకులు కొందరు 30 లక్షల వరకు చెప్పిరి. కత్తులకు అంకెలుండెను, మనుష్యులకు అంచనాలే మిగిలినవి.

యుద్ధసమయమున ఆయుధమునకే ప్రాధాన్యమని కొందరనవచ్చును. 1942 ఏప్రిల్ 6వ తేదీన కాకినాడమీదను, విశాఖపట్టణముమీదను బాంబులు పడిన సంగతి మన ప్రాంతమువారు మరచినవారు కారు. కాని, బర్మా శత్రువు వశమై అచటి బియ్యము రాక నిలిచినది గూడ ఆ సంవత్సరమే. అప్పుడు బియ్యపుగింజ ఆయుధముకంటె తక్కువదెట్లయినది? ఆకలియు ముట్టడియే గదా!

పరప్రభుత్వము పోయినది. నేటి ప్రభుత్వము మనది. కనుకనే మన ప్రశ్న మరింత సూటిగా నుండవలెను. ధాన్యమున తేమ నూటికి 17 పాళ్లు మించరాదని కొనుగోలు నియమము. నియమము మంచిదే. తేమను కొలుచు యంత్రము వేళకు వచ్చును. తేమను ఆపు బరకము మాత్రము వాన వెలిసిన పిదప వచ్చునా? ఆహారధాన్యములకు జనపనార సంచులనే వాడవలెనని నిర్బంధించుటకు వీలు కల్పించు చట్టము 1987లోనే వచ్చినది. సంచిని నిర్బంధించు అధికారము గలవారికి ఆ సంచిని కోతకు ముందే కళ్లమునకు చేర్చు బాధ్యతయు గలదు.

మేము కోరునవి మూడు. గోతములును బరకములును కోతలు మొదలిడుటకు ముందే గ్రామములకు చేరవలెను. ధాన్యము తెచ్చిననాడే తూకము, తేమ, తేదీ వ్రాసిన రసీదు రైతు చేతికీయవలెను. ఆ రసీదు పుట్టిన పిమ్మట తడిసిన గింజ నష్టము రైతునకు గాక కొన్నవారికే చెందవలెను. చింతపల్లి ఠాణాలో 14 బాయినెట్లకు దొరికిన పద్దు, సంవత్సరమంతయు చెమటోడ్చినవాని బస్తాలకు దొరకకూడదా?

పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు పట్టణవాసులు ఇది రైతుల గొడవయని పుట త్రిప్పివేయకుందురుగాక. రేపు మన కంచములోనికి వచ్చునది ఆ గింజయే. చంపెడి యినుమును తుప్పు పట్టనీయని చేతులు బ్రదికించెడి గింజను మొలకెత్తనిచ్చినచో, లోపము చేతులది కాదు, మనస్సుది.