రూపము ఎవరిది?

షోలాపూరులో మగ్గముల ప్రక్కన పెరిగిన మన పద్మశాలి కుటుంబములలోను, కోయంబత్తూరు, బెంగుళూరులలో యంత్రపరిశ్రమలనంటి బ్రదుకుచున్న మన యిండ్లలోను ఇటీవల యొక క్రొత్త వృత్తి కానవచ్చుచున్నది. ఒకరి కొలువులో చేరక, రెండు బల్లలు, ఒక కంప్యూటరు పెట్టుకొని, కర్మాగారములకు కావలసిన వస్తువుల రూపమును తీర్చి యిచ్చు డిజైన్ స్టూడియో నడుపుటయే ఆ వృత్తి. తీర్చునది దుప్పటి నమూనా కావచ్చును, నీటిపంపు పైతొడుగు కావచ్చును, వంటింటి మిక్సీ పిడి కావచ్చును.

ఇదియు నొక వృత్తియేనా యని పెద్దలు సందేహించుచున్నారు. 1958లో ఈమ్స్ దంపతులు భారతప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో మన చెంబును ఉదాహరణముగా గైకొని, తరతరములుగా ఎందరో కలసి దిద్దిన దాని రూపమును వేనోళ్ల మెచ్చుకొనిరి. 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైన్ సంస్థ వెలయుటకు ఆ నివేదికయే ప్రాతిపదిక. అయితే చెంబు రూపమునకు యజమాని లేడు. నేటి పంపు తొడుగునకు కలడు. అతడెవరన్నదే చిక్కు.

2000 సంవత్సరపు డిజైన్ల చట్టమున మొగమోటము లేదు. ప్రతిఫలము పుచ్చుకొని మరియొకరికై రూపము గీచినచో, దానికి హక్కుదారు గీయించుకొన్నవాడే గాని గీచినవాడు కాడు. ఎవరి పురమాయింపును లేక స్వంతముగా గీచినదైన, హక్కు గీచినవానిదే. కాని నమోదునకు ముందే దానిని సంతలోనో, చేతిఫోను ద్వారానో లోకమునకు వెల్లడించినచో నమోదు చేయించుకొను యర్హత పోవును. నమోదు 10 ఏండ్లు చెల్లును. పిమ్మట మరి 5 ఏండ్లు పొడిగింపవచ్చును.

కాపీరైటు ఉండనే యున్నది గదా యని కొందరు యువకుల ధీమా. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, నమోదు కాదగిన డిజైనును నమోదు చేయింపక, హక్కుదారుగాని అతని యనుమతితో మరియొకరుగాని యంత్రముపై 50కి మించి వస్తువులు తీసినచో ఆ హక్కు అంతరించును. 50 దుప్పట్లు మరమగ్గమునకొక లెక్కయా! షోలాపూరు దుప్పటికి భౌగోళిక గుర్తింపు కలదని మురియువారును గమనింపవలెను: ఆ గుర్తింపు కాపాడునది ఊరి పేరును; నమూనా గీచిన చేతిని కాదు.

చట్టముకంటె మన చుట్టరికమే యీ పిల్లలకు ఎక్కువ నష్టము తెచ్చుచున్నది. "మనవాడవే గదా, కాగితమెందుకు? నాలుగు నమూనాలు చూపుము, నచ్చిన చూతము" అని మేనమామ వరుసయైన మిల్లు యజమాని యనును. కుఱ్ఱవాడు కాదనలేడు. నచ్చలేదన్న నమూనాయే మరునెల అంగడిలో వ్రేలాడుచుండును. అడిగినచో బంధుత్వము చెడును. అడుగకున్న స్టూడియో అద్దె నిలిచిపోవును. దారపు బేళ్లకు చీటీ వ్రాసికొననిదే గడప దాటనీయని మన వర్తకులు నమూనాకు మాత్రము నోటిమాట చాలుననుట న్యాయము కాదు.

పని మొదలిడకమున్నే వ్రాసికొనవలసినవి కొన్ని కలవు. హక్కు ఎవరిది, నమోదు ఎవరి పేర, తిరస్కరించిన చిత్రములు ఎవరికి చెందును, సొమ్ము మొత్తముగానా లేక అమ్మిన వస్తువునకింతయనియా, దిద్దుబాట్లు ఎన్ని మారులు. ఈ మాదిరి ఒప్పందపత్రమును మన న్యాయవాదులచే వ్రాయించి, తెలుగుతోబాటు ఆయా రాష్ట్రభాషలోను ప్రక్కప్రక్కన అచ్చువేయించి, ప్రతి శాఖాకార్యాలయమునను ఉంచవలసినదిగా సంఘ కార్యవర్గమును కోరుచున్నాము. దానిపై మొదటి చేవ్రాలు మన మిల్లు యజమానులు చేయుదురుగాక.