బండి లోపము – ఋజువు భారము

తెలుగునాట క్రొత్త వాహనము కొన్నవారు దానిని తిన్నగా ఇంటికి తోలుకొనిపోరు. ముందు గుడికి తీసికొనిపోయి, పసుపు కుంకుమలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి వాటిని నలిపించిన పిదపనే దారి పట్టుదురు. దృష్టిదోషము ఆ కాయలతో పోవునని నమ్మకము. అమెరికా దేశమున నిమ్మకాయకును వాహనమునకును వేరొక సంబంధమున్నది. పైకి నిగనిగలాడుచు లోపల చెడి ఉన్న సరకును అచటివారు తమ వాడుకలో నిమ్మకాయ అందురు. ఎన్ని మార్లు మరమ్మతు చేయించినను బాగుపడని క్రొత్త కారునకు ఆ పేరు స్థిరపడినది. అట్టి కారు కొన్నవానికి రక్షణ నిచ్చు శాసనములే 'నిమ్మకాయ చట్టములు'. 1970లో జార్జి అకర్లాఫ్ అను ఆర్థికశాస్త్రవేత్త పాత కార్ల బజారును ఉదాహరణగా గైకొని, ఈ పేరుతోనే ఒక వ్యాసము వ్రాసెను. సరకు గుణము అమ్మువానికి మాత్రమే తెలిసి కొనువానికి తెలియనిచో, మంచి సరకు సహితము బజారునుండి తొలగిపోవునని ఆయన నిరూపించెను. 2001లో ఆయనకు లభించిన నోబెల్ బహుమానమునకు ఆ వ్యాసమే ముఖ్యకారణము.

అకర్లాఫ్ చెప్పిన సూత్రము పెద్దపల్లి జిల్లాలోని కమాన్‌పూర్ వంటి చోట పుస్తకపు సూత్రముగా మిగులదు. ఆదివరాహస్వామి దేవాలయముచేత ప్రసిద్ధి కెక్కిన ఈ ఊరు సింగరేణి బొగ్గుగనుల సీమలోనిది. ఒకవైపు గోదావరిఖని, రామగుండము, మరియొకవైపు మంథని. గనికి పోవు కార్మికునకు మోటారు సైకిలు, బడిపిల్లలను చేరవేయువానికి ఆటో, సరకు తోలువానికి లారీ విలాసవస్తువులు కావు, అవి పనిముట్లు. వాటిలో అనేకము అప్పుమీద కొన్నవే. బండి షెడ్డులో నిలిచిన దినమున రాబడి నిలిచిపోవును గాని నెలవారీ కిస్తీ నిలిచిపోదు. ఆటో మూడవ నెలలోనే గేరు పట్టక, ఆరు మార్లు సర్వీసు కేంద్రమునకు పోయి వచ్చినచో, ఆ నష్టము నెవరు భరింపవలెను? కొన్నవాడా, అమ్మిన డీలరా, తయారుచేసిన కంపెనీయా? ఈ ప్రశ్నకు చట్టమిచ్చు సమాధానముపైనే ఒక కుటుంబపు బ్రతుకు ఆధారపడి ఉండును.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రము 1982లో మొదటి నిమ్మకాయ చట్టమును చేసినది. తరువాత తక్కిన రాష్ట్రములన్నియు ఆ మార్గము ననుసరించినవి. ఈ చట్టములలోని కిటుకు ఒక్కటే: అవి లెక్కించును. కాలిఫోర్నియా చట్టమును చూడుడు. కారు కొన్న 18 నెలలలోగాని, 18,000 మైళ్లు తిరుగుటలోగాని ఒకే లోపమునకు నాలుగు మార్లు మరమ్మతు జరిగినను, ప్రాణాపాయము కలిగించు లోపమునకు రెండు మార్లు జరిగినను, మొత్తముమీద 30 దినములకు మించి కారు మరమ్మతులోనే ఉండిపోయినను, కంపెనీకి తగినన్ని అవకాశములు ఇచ్చినట్లే చట్టము భావించును. అటుపిమ్మట కారు మార్చి ఇచ్చుటయో, సొమ్ము తిరిగి ఇచ్చుటయో కంపెనీ వంతు. 2012 సెప్టెంబరు 1 నుండి సింగపూరులో అమలులోనికి వచ్చిన చట్టము మరియొక పద్ధతి నవలంబించినది. సరకు చేతికి వచ్చిన ఆరు నెలలలో బయటపడిన లోపము మొదటినుండియు ఉన్నదేనని అది ఊహించును. కాదని ఋజువు చేయవలసినవాడు అమ్మినవాడు. రెండు పద్ధతులలోను సారాంశము ఒకటే. యంత్రము లోపలి రహస్యమును విప్పి చూపుమని కొనువానిని అడుగరు.

మన దేశమున వాహనములకై ప్రత్యేకముగా అట్టి చట్టము లేదు. ఉన్నది వినియోగదారుల రక్షణ చట్టము. 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదము పొందిన మొదటి చట్టము స్థానమున 2019 నాటి క్రొత్త చట్టము వచ్చి, 2020 జూలై నుండి అమలులో నున్నది. ఈ చట్టము సామాన్యమైనది కాదు. సరకులో లోపము తేలినచో దానిని సరిచేయింపవచ్చును. క్రొత్త సరకు ఇప్పింపవచ్చును. వెలను వడ్డీతో సహా తిరిగి ఇప్పింపవచ్చును. పరిహారము కూడ ఇప్పింపవచ్చును. అయితే ఎన్ని మరమ్మతులైన తరువాత బండి మార్చి ఇవ్వవలెనో చట్టము చెప్పలేదు. లెక్క లేని చోట వాదము పుట్టును. 'ఇది తయారీ లోపమని నీవు నిరూపింపుము' అను ప్రశ్న కొన్నవాని ముందు నిలుచును.

సుప్రీంకోర్టు తీర్పులు మూడింటిని వరుసగా పరిశీలించినచో ఈ భారము ఎట్లు మారుచు వచ్చినదో తెలియును. 2006లో మారుతీ ఉద్యోగ్ సంస్థకు సంబంధించిన వ్యాజ్యములో, వారంటీ షరతు చెడిన భాగమును మార్చుటకు మాత్రమే వర్తించునని, కారునే మార్చి ఇమ్మనుటకు అది ఆధారము కాదని కోర్టు నిర్ణయించినది. క్రొత్త కారు ఇమ్మన్న ఉత్తరువును తొలగించి కొంత పరిహారముతో సరిపుచ్చినది. 2010లో ఫియట్ ఇండియా వ్యాజ్యములో, స్వతంత్రుడైన నిపుణుడు పరీక్షించి స్వాభావికమైన తయారీ లోపమున్నదని చెప్పినచో కారు వెలను వడ్డీతో తిరిగి ఇవ్వవలెనని ఆదేశించినది. 2022 ఏప్రిలులో హ్యుండాయ్ సంస్థ వ్యాజ్యము మరొక మెట్టు. ప్రమాదము జరిగినప్పుడు కారులోని గాలి సంచులు తెరచుకొనలేదు. వేగమును, తాకిడి బలమును కొనువాడు భౌతికశాస్త్రజ్ఞునివలె లెక్కగట్టి కొనడని, జరిగిన సంగతియే లోపమును చాటుచున్నప్పుడు నిపుణుని సాక్ష్యము అవసరము లేదని కోర్టు పలికినది. వాహనము మార్చి ఇమ్మన్న ఉత్తరువును నిలిపినది. ఆ ప్రమాదము 2017 నవంబరులో జరిగినది. తుది తీర్పునకు నాలుగేండ్లకు పైగా పట్టినది.

ఆ కడపటి తీర్పు మేలైనదే గాని అన్ని బండ్లకు అది అక్కరకు రాదు. గాలి సంచి తెరచుకొనకపోవుట కంటికి కనబడు సంగతి. గేరు పట్టకపోవుట, ఇంజను వేడెక్కుట, నడుమ దారిలో ఆగిపోవుట అట్టివి కావు. కంపెనీవారు వెంటనే చెప్పు కారణము వాతావరణము. విశాఖపట్నము, కాకినాడ వంటి తీరపట్టణములలో తుప్పు పట్టిన బండిని చూపినచో అది ఉప్పుగాలి దోషమందురు. కమాన్‌పూర్‌లో చూపినచో అది బొగ్గు ధూళి దోషము, గోతుల రోడ్డు దోషము, అధికభారపు దోషము. ఇందులో కొంత నిజము లేకపోలేదు. ధూళి పట్టిన గాలి ఫిల్టరును మార్చకుండ నడిపినచో ఏ ఇంజనైనను చెడును. కాని ఆ రోడ్లమీద, ఆ గాలిలోనే తిరుగునని తెలిసియే ఆ బండిని ఆ ఊరివారికి అమ్మినారు. ప్రక్కవాని బండి అదే ధూళిలో ఏండ్ల తరబడి నడుచుచుండగా, ఇది మాత్రము నెలకొక మారు నిలిచిపోయినచో దోషము గాలిదనుట ఎంతవరకు సమంజసము? దానిని తేల్చుటకు కమిషన్ సరకును పరీక్షాశాలకు పంపవచ్చును. ఆ పరీక్ష రుసుమును ముందుగా కట్టవలసినవాడు మాత్రము ఫిర్యాది. కూలి పోగొట్టుకొన్నవానికి అది రెండవ దెబ్బ.

బొగ్గుసీమలో తరచుగా వినబడు మరొక అభ్యంతరమున్నది. ఆటోను, లారీని బాడుగకు నడుపుట వ్యాపారము గనుక వాని యజమాని వినియోగదారుడు కాడని ఎదుటి పక్షము వాదించును. ఈ వాదము పూర్తిగా నిలువదు. స్వయంగా కష్టించి జీవనము గడుపుకొనుటకే కొన్న సరకు వ్యాపార ప్రయోజనము క్రిందికి రాదని చట్టమే వివరించినది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, తానే నడుపుకొని బ్రతుకుటకు ఆటో కొన్నవాడును, లారీ కొన్నవాడును వినియోగదారులేనని ఉదాహరణలతో స్పష్టము చేసినది. సహాయమునకు ఒకరిద్దరిని పెట్టుకొన్నంత మాత్రమున ఆ హక్కు పోదు. పది లారీలు కొని జీతగాండ్రచేత నడిపించువాని సంగతి వేరు.

ఉన్న చట్టములో సామాన్యునకు దొరకు సౌకర్యములను కూడ గుర్తింపవలెను. పూర్వము అమ్మినవాడున్న చోటగాని, వ్యవహారము జరిగిన చోటగాని వ్యాజ్యము వేయవలసియుండెను. 2019 చట్టము ప్రకారము ఫిర్యాది తాను నివసించు చోటను, పనిచేయు చోటను ఉన్న జిల్లా కమిషన్ నాశ్రయింపవచ్చును. హైదరాబాదులో బండి కొన్న కమాన్‌పూర్ వాసి హైదరాబాదు చుట్టు తిరుగనక్కరలేదు. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో ఫిర్యాదునకు రుసుమే లేదు. ఆటోలు, మోటారు సైకిళ్లు చాలవరకు ఈ హద్దులోనివే. 50 లక్షల వరకు జిల్లా కమిషన్ విచారించును. వకీలు లేకుండ తానే వాదించుకొనవచ్చును. లోపము బయటపడిన నాటినుండి రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. 1915 అను సంఖ్యకు టెలిఫోను చేసిన సలహా లభించును. ఫిర్యాదులో డీలరును, కంపెనీని ఇరువురిని చేర్చుట మేలు. డీలరు చేసిన మోసము తెలియనిచో దానికి కంపెనీ బాధ్యత వహింపదని 2021లో టాటా మోటార్స్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు తేల్చినది. ఒక్కరినే ప్రతివాదిగా చేర్చినవాడు చేతులు కాల్చుకొనును.

వీటన్నిటికంటె బలమైన ఆయుధము ఒక చిన్న కాగితము. సర్వీసు కేంద్రమున ఇచ్చు జాబ్ కార్డే అది. 'అన్నా, చిన్న పనే, కాగితమెందుకు' అని మేస్త్రీ అనును. కొన్నవాడు సరే యని వచ్చును. అట్లు జరిగిన మరమ్మతునకు కమిషన్ ఎదుట సాక్ష్యము లేదు. ఎన్నవ మారు బండి తెచ్చినది, ఏ లోపము చెప్పినది, ఎన్ని దినములు నిలిచినది – ఈ మూడును తేదీలతో కాగితముపై నుండవలెను. 'సాధారణ సర్వీసు' అని వ్రాసిన కార్డుపై సంతకము చేయక, తాను చెప్పిన లోపమును తన మాటలతో వ్రాయించుకొనవలెను.

ఒక్క బండి లోపము కాక, ఒక నమూనా బండ్లన్నిటిలో ప్రమాదకరమైన లోపమున్నచో దానికి వేరొక మార్గము కలదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము అట్టి బండ్లను వెనుకకు పిలిపించు అధికారమును కేంద్ర ప్రభుత్వమున కిచ్చినది. ఆ లోపము పర్యావరణమునకో, నడుపువానికో, దారిన పోవువారికో హాని కలిగించునదై యుండవలెను. అప్పుడు కంపెనీ పూర్తి వెల తిరిగి ఇచ్చుటయో, అంతకు తగ్గని బండి ఇచ్చుటయో, లోపమును సరిచేయుటయో జరుగవలెను. ఒంటరివాని బండికి మాత్రము ఈ మార్గము పనికిరాదు.

కావలసినదేమో ఇప్పుడు స్పష్టము. మరమ్మతుల సంఖ్యకును, నిలిచిన దినములకును ఒక హద్దు ఏర్పరచి, ఆ హద్దు దాటిన పిదప ఋజువు భారమును కంపెనీమీద మోపవలెను. ఇందువలన కంపెనీకి అన్యాయమేమియు లేదు. అధికభారము వేసినారని, సర్వీసు చేయింపలేదని అది నిరూపించుకొనవచ్చును. యంత్రపు రహస్యము దానికే తెలియును. నిపుణులును దానికే ఉన్నారు. తెలిసినవానిని వదలి తెలియనివానిని ఋజువు చేయుమనుట న్యాయశాస్త్రమునకును, లోకజ్ఞానమునకును పొసగదు.

ఏటేట డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవము జరుగుచున్నది. ఆ దినమున ఉపన్యాసములకంటె ప్రయోజనకరమైన పని ఉపాధ్యాయుల చేతిలో నున్నది. లేఖారచన పాఠములో సెలవు చీటికి తోడుగా ఒక ఫిర్యాదు పత్రమును వ్రాయించుట. ఇంటిలోని బండికి సంబంధించిన రసీదును, వారంటీ పత్రమును, జాబ్ కార్డులను తేదీల వరుసలో పేర్చుట పిల్లలకు నేర్పుట. చదువురాని తండ్రి బండి నడుపుచున్న ఇంటిలో ఆ వరుసను ఉంచగలవాడు పదవ తరగతి చదువు బిడ్డయే. చట్టము లెక్కించు దినము వచ్చువరకు, బండి కొన్న ఇంటివారే లెక్క వ్రాసి ఉంచుకొనవలసియున్నది.