పోటీ పెట్టండి, సెక్టార్లే సైట్‌గా

ఆర్కిటెక్చర్ కాలేజీ హాస్టల్లో అర్ధరాత్రి దాటాక కూడా లైట్లు వెలుగుతున్నాయంటే పరీక్షలే అనుకోనక్కర్లేదు. ఏదో డిజైన్ పోటీకి షీట్లు పంపాల్సిన గడువు ముంచుకొచ్చి ఉంటుంది. బీఆర్క్ ఐదేళ్ల చదువు. ఆ ఐదేళ్లలో క్లాసులో నేర్చుకునేది ఒక ఎత్తు, నలుగురైదుగురు జట్టుకట్టి పోటీలకు పనిచేస్తూ నేర్చుకునేది మరో ఎత్తు. మాట విలువ, గడువు విలువ, తోటివాడి గీతను మెచ్చుకోగల మనసు, ఇవన్నీ అక్కడే అబ్బుతాయి. అందుకే నేను పోటీల పక్షం. నా బాధల్లా ఆ పోటీలు అడిగే ప్రశ్నల గురించే.

ప్రకటనలు చూడండి. అంగారకుడి మీద కాలనీ, సముద్రంలో తేలే నగరం, ఎడారిలో ఆకాశహర్మ్యం. రుసుము మాత్రం తరచూ డాలర్లలో. సైట్ చూడక్కర్లేదు. అక్కడ ఉండబోయే మనిషితో మాట్లాడక్కర్లేదు. కంప్యూటర్‌లో బొమ్మ ఎంత మెరిస్తే అంత గెలుపు. ఊహకు హద్దులు ఉండకూడదంటారు, సరే. కాలు ఆనించడానికి నేలయినా ఉండాలి కదా!

విద్యార్థి గెలిచిన పోటీ అనగానే ప్రపంచమంతా చెప్పుకునే పేరు మాయా లిన్. 1981లో వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకానికి పోటీ పెడితే 1,421 నమూనాలు వచ్చాయి. షీట్ల మీద పేర్లు లేవు, అంకెలే. జ్యూరీ ఎంచుకున్నది 1026. పేరు విప్పి చూస్తే యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల అమ్మాయి. ఈ కథను పేదరాశి పెద్దమ్మ కథలా చెప్పేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. ఆ అమ్మాయి గీసే ముందు స్మారకం కట్టబోయే పచ్చికలోకి వెళ్లి నిలబడింది. నేలను కోసి గోడ నిలపాలన్న ఆలోచన ఆమెకు అక్కడే వచ్చింది. పేరు చూడని జ్యూరీ, కాళ్లతో తొక్కి చూసిన నేల: ఆ గెలుపు వెనక ఈ రెండూ ఉన్నాయి.

ఇక మా భిలాయ్ సంగతి. ఉక్కు ప్లాంటు కోసం 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. ప్లాంటుతో పాటే కార్మికుల ఇళ్ల సెక్టార్లు లేచాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చిన మనవాళ్లు ఎందరో ఇక్కడే బతుకు కట్టుకున్నారు. సెక్టార్ 5 బాలాజీ గుడికి శనివారం వెళితే చెవిన పడేది ఉత్తరాంధ్ర యాసే. ఈ టౌన్‌షిప్‌కు ఇప్పుడు ఆరు పదులు దాటాయి. నా దృష్టిలో మధ్య భారతంలో ఆర్కిటెక్చర్ విద్యార్థికి ఇంతకన్నా మంచి సైట్ లేదు.

ఎందుకో చెబుతాను. పాత క్వార్టర్ ఒకదాన్ని దగ్గరగా చూడండి. ముందు చిన్న వరండా, రెండు గదులు, వంటిల్లు, వెనక పెరడు, పెరట్లో జామో మామిడో. కట్టినవాళ్లు ఒక జంటనూ ఇద్దరు పిల్లలనూ ఊహించుకుని కట్టారు. కొడుక్కి పెళ్లయ్యింది, పెరట్లో రేకుల గది వెలిసింది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 45 డిగ్రీలకు ఎక్కుతుంది. అప్పుడు కిటికీకి కూలర్ బిగుస్తుంది, దానికో ఇనుప స్టాండు వస్తుంది. కూలర్ కోసం కిటికీ మూసేసరికి గదిలో వెలుతురు పోతుంది. వానాకాలం స్లాబ్ కారితే పైన టార్పాలిన్ పరిచి నాలుగు ఇటుకలు పెడతారు. రిటైరయ్యాక ఖాళీ చేయాల్సిన ఇల్లు కదా, సొంత డబ్బు ఎంత పెట్టాలన్నది ప్రతి కుటుంబానికీ తెగని లెక్క. కొన్ని ఇళ్లు లీజుకిచ్చాక ఆ లెక్క మారింది, గోడలూ మారాయి. ఒకే వరసలో ఒకలా కట్టిన ఇళ్లు ఇవాళ ఒక్కొక్కటీ ఒక్కో తీరు. అందులో ప్రతి మార్పూ ఒక అవసరం. ఆ అవసరాలను కొలిచి గీసినవాళ్లు ఎంతమంది?

పాత ఊళ్లనూ కట్టడాలనూ కొలతలు తీసి రికార్డు చేసే జట్లకు దేశంలోని ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘం నాసా లూయీ కాన్ పేరిట ట్రోఫీ ఇస్తుంది. హవేలీలకూ గుడి వీధులకూ టేపు పట్టుకుని వెళ్లే పిల్లలు ఒకసారి సెక్టార్ వీధికి కూడా రావాలి. వారసత్వం అంటే మూడు వందల ఏళ్లు నిండాల్సిన పని లేదు. స్వతంత్ర భారతం తొలినాళ్లలో తన కార్మికుడికి ఎలాంటి ఇల్లు ఇచ్చిందో ఈ గోడల్లో రాసి ఉంది. భిలాయ్‌లోనే ఖుర్సీపార్ లాంటి చోట్ల కాంట్రాక్టు కూలీకి ఎలాంటి ఇల్లు దక్కిందో కూడా పక్కనే గీయాలి, లేకపోతే ఆ రికార్డు సగమే.

ఉక్కు మాట కూడా ఎత్తాలి. రైలు పట్టాలకు పేరు మోసిన ప్లాంటు ఇది. యుద్ధనౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌కు వాడిన ప్రత్యేక ఉక్కులో భిలాయ్ వాటా ఉంది. ఇక్కడి రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లు పట్టాలతో పాటు యాంగిళ్లూ చానళ్లూ బీములూ కూడా తీస్తుంది. అయినా ఊళ్లోని ఇళ్లు ఇటుక, కాంక్రీటే. పెరట్లో వేసుకున్న రేకుల గది తప్ప ఉక్కుతో కట్టిన ఇల్లు ఎలా ఉంటుందో ఉక్కు కార్మికుడికే తెలియదు. దేశంలో తలసరి ఉక్కు వాడకం ఏడాదికి వంద కిలోల దగ్గర ఉంటే, ప్రపంచ సగటు దానికి రెట్టింపు పైనే. ఉక్కు కట్టడాలకు ప్రోత్సాహం ఇవ్వడానికి కేంద్ర ఉక్కు శాఖ, ఉత్పత్తిదారులు కలిసి 1996లో కోల్‌కతాలో ఇన్‌స్‌డాగ్ సంస్థను పెట్టారు. సివిల్, ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఉక్కు డిజైన్ పోటీలు ఆ సంస్థ నడుపుతోంది. మంచి పని. ఆ పోటీ ఒక ఏడాది భిలాయ్ సెక్టార్ల మీదే పెడితే? పాత క్వార్టర్ గోడ కూల్చకుండా, పెరటి చెట్టు కొట్టకుండా, విడి భాగాలుగా తెచ్చి బిగించుకునే ఒక ఉక్కు గది, పై కప్పుకు నీడనిచ్చే ఒక ఉక్కు పందిరి గీయమనండి. ధర చెప్పమనండి. తుప్పు పట్టకుండా ఏం చేస్తారో, ఎండకు రేకు కాగకుండా ఏం చేస్తారో చెప్పమనండి. అంగారకుడి కాలనీ కన్నా ఇది కష్టమైన ప్రశ్న.

పోటీ పెట్టేవాళ్లకు కూడా ఒక నియమం ఉండాలి. ఫలితాన్ని గౌరవించాలి. అమరావతి అసెంబ్లీ, హైకోర్టు భవనాల కోసం జపాన్ నుంచి ఫుమిహికో మాకీని, ఇంగ్లండ్ నుంచి రిచర్డ్ రోజర్స్‌ను, మన బాలకృష్ణ దోషీని పిలిచి పోటీ పెట్టారు. 2016లో మాకీని విజేతగా ప్రకటించారు. చివరికి పని ఫోస్టర్ సంస్థకు వెళ్లింది. అంత పెద్ద పేరున్నవాళ్లకే అలా జరిగితే, పేరు లేని విద్యార్థికి ఏం భరోసా? గెలిచిన డిజైన్లలో కనీసం ఒక్కటి, ఎంత చిన్నదైనా, కట్టి చూపించాలి. రుసుము ఉండకూడదు. షీట్ మీద పేరు ఉండకూడదు. ఓడినవాళ్లకు ఎందుకు ఓడారో జ్యూరీ రెండు వాక్యాలు రాసి పంపాలి. ఆ రెండు వాక్యాలు ట్రోఫీ కన్నా ఎక్కువ కాలం ఉపయోగపడతాయి. ఇంకొకటి, జ్యూరీలో ఆర్కిటెక్టుల పక్కన ఆ క్వార్టర్లో ముప్పై ఏళ్లు వంట చేసిన ఒక ఇల్లాలు కూర్చోవాలి. పొగ ఎటు పోతుందో ఆవిడకు తెలిసినంత ఏ ప్రొఫెసర్‌కూ తెలియదు.

రాయ్‌పూర్ ఎన్ఐటీలో ఆర్కిటెక్చర్ విభాగం ఉంది, ఇక్కడి నుంచి గంట ప్రయాణం. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది. ఆ కాలేజీల్లో చదివే తెలుగు పిల్లల్లో ఎవరి తాతో, పెద్దనాన్నో ఇక్కడ మెల్టింగ్ షాపులో పనిచేసే ఉంటారు. భిలాయ్ స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఒక్క వీధి, ఖాళీగా ఉన్న రెండు క్వార్టర్లు, మీ మిల్లులో తీసిన కాస్త ఉక్కు ఆ పిల్లలకు అప్పగించండి. ఎండలు ముదరక ముందే పిలవండి.