అరువు వరస, సొంత మాట



ఈ నెల మన పాటల శీర్షికలో త్యాగరాజస్వామి లేడు, ఇళయరాజా లేడు. గ్లామ్ మెటల్ ఉంది. పేరు చూసి పక్కకి జరిపేయకండి. మన లిప్‌స్టిక్, మన కాటుక, మన హెయిర్ స్ప్రే తీసుకుని మగవాళ్ళు లోకాన్ని ఊపేసిన సంగతి ఇది. మన పెద్దవాళ్ళు రంగం, రంగూన్ అని పిలిచిన యాంగోన్‌లో ఇలాంటి సంగీతం ఎలా బతికిందో, దాంతో మనకేం పనో కూడా చెప్తాను.

ముందు అదేమిటో చూద్దాం. 1980లలో అమెరికాలో, లాస్ ఏంజెలెస్ సన్‌సెట్ స్ట్రిప్ అనే వీధిలోని క్లబ్బుల్లో పెరిగిన రాక్ సంగీతం. మోట్లీ క్రూ, పాయిజన్, కాస్త మెత్తగా అయితే బాన్ జోవి. స్వీడన్ నుంచి యూరప్ అనే బృందం. గిటార్ గట్టిగా ఉంటుంది గానీ పల్లవి మాత్రం పదిమంది కలిసి పాడుకునేలా తేలిగ్గా ఉంటుంది. ప్రతి ఆల్బమ్‌లో ఒక నెమ్మది పాట తప్పనిసరి. మెల్లగా మొదలై, మధ్యలో డ్రమ్ములు విరుచుకుపడి, గిటార్ ఏడ్చినంత పనిచేసి, చివర్లో గొంతు ఇంకో మెట్టెక్కుతుంది. దాన్నే పవర్ బాలడ్ అంటారు. ప్రేమలో ఓడిపోయినవాడి ఏడుపు స్టేడియమంతా వినబడాలి, అంతే.

మగవాళ్ళు జుట్టు విరబోసుకుని, పెదాలకి రంగేసుకుని రావడం చూసి అక్కడ చాలామంది నవ్వారు. మనం నవ్వాల్సిన పనిలేదు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా జడ విసిరితే ఆడవాళ్ళే చూసి నేర్చుకున్నారు. స్థానం నరసింహారావుగారి స్త్రీ పాత్రల కోసం ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి. ఆయన రంగూన్‌లోనూ ఆడారు, ఇక్కడివాళ్ళు బంగారు కిరీటంతో సత్కరించారు. ఇక ఇక్కడి వీధుల్లో మగపిల్లలు కూడా చెంపలకి థనాకా పూసుకునే తిరుగుతారు. వేషం వేసినంత మాత్రాన మనిషి అబద్ధం కాడన్నది మనకి కొత్త సంగతేం కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ గ్లామ్ మెటల్‌ని అమెరికాలో తలకెక్కించిన ఆల్బమ్ క్వయట్ రయట్ వాళ్ళ 'మెటల్ హెల్త్'. 1983లో అక్కడి పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దాన్ని అంతదూరం లాక్కెళ్ళిన పాట వాళ్ళ సొంతం కాదు. అంతకు పదేళ్ళ ముందు స్లేడ్ అనే ఇంగ్లండ్ బృందం పాడిందే మళ్ళీ పాడారు. అమ్మాయిలే నడిపిన విక్సెన్ బృందం 1988లో తొలి ఆల్బమ్ తెచ్చింది. అందులో పేరు తెచ్చిన పాట రాయడంలో రిచర్డ్ మార్క్స్ చెయ్యి ఉంది. అంటే కాపీ అని మనం తేలిగ్గా అనేసే పని, అసలు సరుకులోనే ఉంది.

1991లో నిర్వాణా వచ్చింది. చిరిగిన స్వెట్టర్లూ దువ్వని జుట్టూ ఫ్యాషన్ అయ్యాయి. మెరుపు బట్టలు అటకెక్కాయి. మళ్ళీ 2003లో ది డార్క్‌నెస్ అనే ఇంగ్లీషు బృందం 'పర్మిషన్ టు ల్యాండ్' అనే తొలి ఆల్బమ్‌తో ఆ పాత మోతనీ, ఆ కీచు గొంతునీ, ఒంటికి అతుక్కునే బట్టల్నీ తిరిగి తెచ్చింది. బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలబడింది. వీళ్ళు వెక్కిరిస్తున్నారా, నిజంగానే ఇష్టపడి పాడుతున్నారా అని పెద్ద చర్చ. విని చూడండి, తెలిసిపోతుంది. వెక్కిరించేవాడు అంత కష్టపడి గొంతు సాధన చెయ్యడు.

యాంగోన్ సంగతి వేరు. ఇక్కడ ఆ మోతని ఎవరూ తిరిగి తేనక్కర్లేదు, అది పోతేగా! తొంభైల్లో అమెరికా దాన్ని పారేసిన రోజుల్లోనే ఇక్కడ హార్డ్ రాక్ మంచి ఊపు మీద ఉంది. అప్పుడు మొదలైన ఐరన్ క్రాస్ బృందం పేరు ఇక్కడ తెలియని ఇల్లు అరుదు. గిటార్ మీద చిట్ సాన్ మౌంగ్. లే ఫ్యూ, ఆయన సోదరుడు ఆ న్గే, మ్యో జీ లాంటివాళ్ళు గాయకులు. ఒకే బృందం వాయిస్తుంది, ఒక్కో గాయకుడు తన పేరుమీద ఆల్బమ్ తెచ్చుకుంటాడు.

వీళ్ళ తరం పెరిగింది కాపీ థచిన్‌ల మీద. థచిన్ అంటే పాట. పరాయి పాట వరస తీసుకుని, దానికి బర్మా మాటలు కట్టడం. అనువాదం కాదు సుమా! ఇంగ్లీషులో మోటారుబండి గురించి ఉంటే ఇక్కడ అమ్మ గురించి ఉండొచ్చు. క్యాసెట్‌లో విన్న గిటార్‌ని ఒక్క మెలిక తప్పకుండా వాయిస్తేనే మెచ్చుకుంటారు. సొంతంగా కట్టిన బాణీకి వేరే పేరుంది. దాన్ని ఇంగ్లీషులోనే 'ఓన్ ట్యూన్' అంటారు.

చిన్నచూపు చూడకండమ్మా. మన ఇళ్ళలో హారతి పాటల పుస్తకం ఉందా? ఒకసారి తీసి చూడండి. పాట పైన చిన్న అక్షరాల్లో 'వరస' అని, పక్కన ఏదో సినిమా పాట పేరు ఉంటుంది. అయ్యప్ప భజన పుస్తకాల్లోనూ అంతే. పెళ్ళిలో వియ్యపురాలి మీద పాడే పాట కూడా ఏ సినిమా వరసలోనో సాగుతుంది. అరువు వరసలో సొంత మాట పెట్టడం మన ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పనే. ఇది కాపీ థచిన్ కాకపోతే ఏమిటి?

కాకపోతే యాంగోన్‌లో మాటకి ప్రమాదం ఉండేది. 2012 దాకా ప్రతి పాట మాటలూ సెన్సారు చేతుల్లోంచి పోవాల్సిందే. లే ఫ్యూ ఒక ఆల్బమ్‌కి 'పవర్ 54' అని పేరు పెడితే, 54 అనేది యూనివర్సిటీ అవెన్యూలో ఆంగ్ సాన్ సూ చీ ఇంటి నంబరని పట్టుకున్నారు. చివరికి 54 ఎగిరిపోయి, 'పవర్' మిగిలింది. అంకె కూడా మాటే అయిన చోట, సొంత మాట రాయడం ఎంత పనో ఆలోచించండి. పరాయి వరస తేలిక, మార్కెట్‌లో ముందే తెలిసిన సరుకు. పైగా ఇక్కడ చాలాకాలం తెల్లవాళ్ళ కాలంనాటి 1914 కాపీరైట్ చట్టమే నడిచింది. కొత్తది 2019లో చేశారు, 2023లో అమల్లోకి వచ్చింది.

అందుకే ఇక్కడ ఎవరైనా అన్నీ సొంత పాటలతో తొలి ఆల్బమ్ తెచ్చారంటే ఆగి వినాలి. 2011లో మీ ఎన్ మా గర్ల్స్ అనే అయిదుగురు అమ్మాయిల బృందం 'మింగలాబా' తెచ్చింది. తమ పాటలు తామే పాడతామని పట్టుబట్టినవాళ్ళు. 2012లో సైడ్ ఎఫెక్ట్ అనే కుర్రాళ్ళ బృందం 'రెయినీ నైట్ డ్రీమ్స్' తెచ్చింది. దాని ఖర్చుకోసం ఇంటర్నెట్‌లో చందాలడిగితే జనం ఇచ్చారు. కానీ అమెరికా ఆంక్షల వల్ల ఆ డబ్బు వీళ్ళ చేతికి రాకుండా ఆగిపోయింది. ఇంట్లో సెన్సారు, బయట ఆంక్షలు. రెంటి మధ్యా పాట.

2021 తర్వాత ఏమైందో మీకు తెలుసు. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చాక, వయసులో ఉన్న పిల్లలు బట్టల సంచి పట్టుకుని సరిహద్దు దాటుతున్నారు. గిటార్ పట్టుకునే వయసూ, తుపాకీ పట్టుకోమనే వయసూ ఒకటే అయిపోయాయి. ఇక్కడున్న మన ఇళ్ళ పిల్లలకీ ఈ బెంగ తప్పలేదు. బృందంలో డ్రమ్ములవాడు ఒక దేశంలో, గాయకుడు ఇంకో దేశంలో ఉంటే ఇక తొలి ఆల్బమ్ ఎక్కడిది?

ఇది రాయడానికి అసలు కారణం చెప్తాను. మీరు ఏ దేశంలో ఉన్నా, మీ ఇంట్లో జుట్టు పెంచి తలుపేసుకుని గిటార్ వాయించే అబ్బాయో అమ్మాయో ఉండే ఉంటారు. ముప్ఫై నలభై ఏళ్ళనాటి పాటలు వాయిస్తుంటే, "ఎవరివో పాటలు ఎందుకురా, చదువుకో" అంటాం. కానీ ఎవరివో పాటలు వాయించడం అంటే బడికి పోవడం లాంటిదే. ఐరన్ క్రాస్ వాళ్ళూ ఆ బడిలోనే చదువుకున్నారు. కాబట్టి ఆపమనకండి. ఒక్కటి మాత్రం అడగండి: "ఈ వరసకి నువ్వయితే ఏం మాట పెడతావు?"

తెలుగులో పెట్టమనండి. మొదట కుదరదు. ఇంగ్లీషు మాటా, బర్మా మాటా చాలావరకు పొట్టివి, గిటార్ దెబ్బకి ఒక్కొక్కటి సరిపోతాయి. మన మాటకి చివర అచ్చుంటుంది, సాగుతుంది. అందుకని వరసనే కాస్త వంచాల్సి వస్తుంది. అలా వంచుతూ వంచుతూ ఉంటే ఒకరోజు అది పాత వరసలా ఉండదు. సొంత బాణీ పుట్టేది అక్కడే.

పాత మోతని మళ్ళీ మోగించే తొలి ఆల్బమ్ ఏదైనా మీ చెవిన పడితే, కొత్తదనం లేదని తీసేయకండి. మోత ఎవరిదని కాదు, మాట ఎవరిదని చూడండి. మాట వాళ్ళదే అయితే అది వాళ్ళ పాటే.

ఈ వారం ఒక పని. ఐరన్ క్రాస్ నెమ్మది పాట ఒకటి వెతికి పిల్లలతో కలిసి వినండి. భాష తెలియకపోయినా డ్రమ్ములు పడేచోట మీకే తెలుస్తుంది. తర్వాత మీ అమ్మో అత్తగారో పాడే 'ఫలానా వరస' పాట ఒకటి రికార్డు చేసి గ్రూపులో వాయిస్ నోట్‌గా పెట్టండి. అసలు వరస ఏ సినిమాదో కనిపెట్టే పని మిగతా అక్కచెల్లెళ్ళది.

ఉంటాను మరి. వచ్చే నెల కలుద్దాం.